ఉపవాసంలో ఉన్న ఇంజను

"ఇంజనులో అసిటోన్ పోసింది నువ్వేనా?"

"నేనే."

"నీ చేత్తోనే?"

"కాలితో పోస్తారా ఎవరైనా?"

కెప్టెన్ ఇల్యాస్ జకుపోవ్ రాస్తున్న కలం ఆపి తలెత్తాడు. పెద్ద పట్నం నుంచి నిన్న రాత్రే దిగిన మనిషి. చొక్కా మీద ముడత లేదు, ముందు పెట్టిన టీ మీద చెయ్యి వెయ్యలేదు. ఎదురుగా చాప మీద కూర్చున్న బాల్జాన్ కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయాయి, నోటిలో పదును మాత్రం తగ్గలేదు. ఒళ్ళో ఏడు నెలల పిల్ల రొమ్ము పట్టుకుని నిద్రపోతోంది.

గోడకి ఆనుకుని కూర్చున్న మేజర్ కల్దిబెక్ తన టీతో పాటు కెప్టెన్ గారి టీ కూడా తాగేశాడు. ఈ తాలూకాకంతా ఆయనే పోలీసు. ఏడాదిలో పదవి దిగిపోయే మనిషి. పైగా ఈ ఆరాల్ సముద్రం ఒడ్డున జాలరి కొడుకుగా పుట్టినవాడు. బాల్జాన్ మామగారూ ఆయనా ఒకే పడవలో వల లాగిన స్నేహితులు. అందుకే పట్నం వాళ్ళు ఈ కేసు ఆయన చేతిలోంచి తీసి కెప్టెన్ చేతిలో పెట్టారు. "మీ వాళ్ళ కేసు మీరు చూడకూడదు" అన్నారు. "చూడను, పక్కన కూర్చుంటాను" అన్నాడాయన.

కేసు చిన్నదే. బాల్జాన్ మొగుడు ఎసెన్‌గలి సోమవారం రాత్రి ఇంట్లోంచి బయటికి వెళ్ళాడు. మంగళవారం తెల్లారేసరికి ఒడ్డున అతని పడవ లేదు. సాయంత్రం ఇసుకమెట్ట అవతల, ఇంకా కరగని మంచుపలకల మధ్య, ఖాళీ పడవ తేలుతూ కనిపించింది. మనిషి లేడు. ఇవాళ బుధవారం.

"సోమవారం పొద్దున మీ ఇద్దరికీ గొడవైంది. 'నువ్వూ నీ ఇంజనూ కలిసి నీళ్ళలో మునిగిపోండి' అని అరిచావు. ముగ్గురు విన్నారు."

"ముగ్గురేంటి, ఊరంతా విని ఉంటుంది. నా గొంతు చిన్నదా?"

"ఎందుకన్నావు?"

"నేను పిల్లకి పాలు కాచే గిన్నెలో ఆయన ప్లగ్గులు వేసి ఉడకబెట్టాడు. మీ ఇంట్లో మీరు అలా చేస్తే మీ ఆవిడ హారతి పడుతుందా?"

కల్దిబెక్ మీసం కింద నవ్వు దాచుకున్నాడు. కెప్టెన్ నవ్వలేదు.

"పొద్దున చావమన్నావు. సాయంత్రం ఇంజనులో మంటలంటుకునే ద్రవం పోశావు. ఇంజను నడిసముద్రంలో ఆగిపోయింది. గాలికి పడవ ఊగింది, మనిషి పడిపోయాడు. అంతేనా?"

"ఆయనే పొయ్యమన్నాడు! గరాటు పట్టుకున్నదాయన, పోసిందాన్ని నేను. ప్రతి ఏడూ చేసే పనే. ఈ ఒడ్డున ఏ ఇంట్లో పొయ్యరు?"

"మీ ఆయన లేడు కదా, అవునో కాదో చెప్పడానికి."

ఆ మాటకి బాల్జాన్ పిల్లని గుండెలకి దగ్గరగా లాక్కుంది. కెప్టెన్ సంచిలోంచి ఒక కాగితం తీశాడు. మధ్యాహ్నానికి ఆమెని పట్నం తీసుకుపోవడానికి ఉత్తర్వు అది. పాలు తాగే పిల్లయినా సరే, పిల్ల ఇక్కడే, తల్లి అక్కడ.

"ఒక్క మాట నేనూ అడగొచ్చా?" అన్నాడు కల్దిబెక్ నెమ్మదిగా. ఆయన మాట ఎప్పుడూ నెమ్మదే. బండి గుర్రం గడ్డి నమిలినట్టు ఒక్కొక్క మాటా నమిలి వదులుతాడు. "అమ్మాయ్, మందు ఎప్పుడు పోశారు?"

"పొద్దు వాలాక, బాబాయ్. సగం కిరసనాయిలు, సగం అసిటోన్. రెండు ప్లగ్గుల కన్నాల్లోనూ పోశాం. ఈ ఏడు మసి బాగా పట్టేసింది. చవక ఆయిలు కలిపాడు, వలలు లాగుతూ రోజంతా ఇంజనుని నిదానంగా తిప్పాడు. పిస్టన్ రింగులు కదలడంలేదన్నాడు."

"పోశాక?"

"ప్లగ్గులు వేళ్ళతో బిగించి, ఇంజను వేసే తాడు పిడికి గుడ్డ కట్టాం. నా పాత తలగుడ్డ ముక్క. నీలంది."

"గుడ్డ దేనికి?" కెప్టెన్ అడిగాడు.

ఆ అమ్మాయి, ఆ మేజరు, గుమ్మం దగ్గర నిలబడ్డ అత్తగారు రబిగా, ముగ్గురూ ఒకేసారి ఆయన వైపు చూశారు. అన్నం ఎందుకు తింటారని అడిగినవాడి వైపు చూసినట్టు.

చివరికి కల్దిబెక్కే చెప్పాడు. "చేపలు గుడ్లు పెట్టే ఈ రెండు నెలలూ వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డునే. అప్పుడే ఇంజన్లలో మసి తీస్తాం. మందు పోసి రాత్రంతా వదిలేస్తే మసి నాని మెత్తబడుతుంది. దాన్ని మేం ఉపవాసం అంటాం. ఇంజను నోరు కట్టేశాం, ఎవరూ తాడు లాగొద్దని గుర్తుగా గుడ్డ. లోపల ద్రవం ఉండగా లాగితే పిస్టన్ దాన్ని నొక్కలేదు, కడ్డీ వంగిపోతుంది. ప్లగ్గులు తీసి లాగామా, ఆవిరికి నిప్పురవ్వ తగిలి మొహం కాలిపోతుంది. ఈ ఒడ్డున దొంగ కూడా గుడ్డ కట్టిన ఇంజను ముట్టడు. నా చిన్నప్పుడు ఒకడు సరదాకి లాగాడు. ఏడాదిపాటు వాడితో కూర్చుని ఎవరూ టీ తాగలేదు."

"పడవ దొరికినప్పుడు దానికి గుడ్డేమీ లేదు."

"అదే నేనూ ఆలోచిస్తున్నాను."

"ఆలోచించడానికేముంది? మీ ఎసెన్‌గలే గుడ్డ విప్పి, ఇంజను వేసి, దొంగవేటకి పోయాడు. చూసిన సాక్షి ఉన్నాడు."

"పద, చూద్దాం," కల్దిబెక్ మోకాళ్ళ మీద చేతులేసి లేచాడు. "సాక్షికి నోరుంది, ఎటైనా తిరుగుతుంది. ఇంజనుకి ఆ సౌకర్యం లేదు."

*

ఊరికీ నీటికీ మధ్య ఉప్పునేల. జీపులో అందరూ ఒడ్డుకి వెళ్ళారు. బాల్జాన్ పిల్లని ఎత్తుకుని, రబిగా కోడలి గౌను పట్టుకుని. కిటికీలోంచి నీళ్ళు కనిపించినప్పుడల్లా ముసలావిడ కళ్ళు మూసుకుంటోంది. కొడుకు అక్కడే ఎక్కడో ఉన్నాడని ఆవిడకి తెలుసు. పైనో కిందో అన్నదే తెలియదు.

మిగతా పడవలన్నీ బోర్లించి ఉన్నాయి. వాటి ఇంజన్లు ఊళ్ళో, ఎవరింటి వసారాలో వాళ్ళవి, ముక్కలుముక్కలుగా విప్పి పడున్నాయి. ఎసెన్‌గలి పడవ ఒక్కటే ఇంజనుతో సహా నీటి అంచున ఇసుకలో సగం ఎక్కి ఉంది.

కల్దిబెక్ బూట్లు విప్పి పడవెక్కాడు. ముందు చేతులు వెనక్కి కట్టుకుని ఊరికే చూశాడు.

"దొరికినప్పుడు ఇది ఇలాగే ఉందా? ఎవరైనా ముట్టుకున్నారా?"

"చేపల కాపలా దళం మక్సుత్ తన పడవకి కట్టి లాక్కొచ్చాడు. ఇంజను ముట్టలేదన్నాడు. రాత్రి నుంచీ మా మనిషి కాపలా ఉన్నాడు," అన్నాడు కెప్టెన్.

"అయితే గేరు ఇలాగే ఉంది."

"గేరుకేమైంది?"

"మధ్యలో ఉంది. ముందుకీ కాదు, వెనక్కీ కాదు. పరుగెత్తే పడవలోంచి మనిషి నీళ్ళలో పడితే, గేరు మధ్యలోకి తీసి మరీ పడతాడా నాయనా?"

"ఇంజను ఆగిపోయాక మళ్ళీ వేద్దామని మధ్యలో పెట్టి ఉంటాడు. తాడు లాగుతూ తూలి పడ్డాడు."

కల్దిబెక్ తల ఊపాడు. పట్నం పిల్లాడు మూర్ఖుడు కాదు. "అదీ అవ్వొచ్చు. బాగానే అన్నావు."

ఇంజను మూత తీశాడు. ప్లగ్గుల టోపీలు లాగి పక్కకి పెట్టాడు. వెనక నుంచి లైటరు చప్పుడు వినిపించింది.

"ఆ సిగరెట్టు అవతల పారెయ్. ఆ వాసన రావట్లేదా నీకు? మనిద్దరం కలిసి పైకిపోతే ఈ కేసు ఎవరికిస్తారు?"

కెప్టెన్ సిగరెట్టుని నీళ్ళలోకి విసిరాడు. ముక్కు ఎగరేశాడు. నిజమే, వాసన ఉంది. గాఢంగా, ముక్కుపుటాలు మండేలా.

పై ప్లగ్గు వేళ్ళతోనే ఊడి వచ్చింది. రెంచితో పనే పడలేదు. కల్దిబెక్ కళ్ళు చిన్నవయ్యాయి. రెండోదీ అంతే. రెండిటి కొనలూ తడిగా, నల్లగా, రేగుపండు జామ్ పూసినట్టున్నాయి. చుట్టూ చూసి, ఒడ్డున పడున్న పొద కర్ర ఒకటి అందుకుని, చాకుతో కొన నున్నగా చెక్కాడు.

"ఇనుప చువ్వ ఉంది కదా అక్కడ," అన్నాడు కెప్టెన్.

"పిస్టన్ మెత్తటి లోహం. ఇనుముతో గీకితే గీత పడుతుంది, ఆ గీతలోనే రేపు మసి మళ్ళీ పట్టుకుంటుంది. ఇంజను ఎవరిదైనా ఇంజనే, పాడుచేసే హక్కు మనకి లేదు." కర్రని కన్నంలోకి దించి, మెల్లిగా తిప్పి, పైకి తీశాడు. కొనకి వేలెడు మందాన నల్లటి చిక్కటి రసం అంటుకొచ్చింది. బొటనవేలితో నలిపాడు. పలుకులు లేవు. నానిన మసి. ఇంకోసారి దించాడు. ఈసారి అడుగున ద్రవమే తగిలింది. కిరసనాయిలు.

కర్ర చేతిలో పట్టుకునే తలెత్తి ఇసుకమెట్ట వైపు చూశాడు.

"ఏమైంది?"

"కెప్టెన్ గారూ, ఈ పడవ ఇక్కణ్ణుంచి ఇసుకమెట్ట దాటి ఎలా వెళ్ళింది?"

"ఇంజను మీద."

"ఈ ఇంజను ఒక్క నిమిషం తిరిగినా ఈ రసమంతా కాలి పొగై పోయేది. ప్లగ్గులు ఎండిపోయేవి. వేళ్ళతో బిగించిన ప్లగ్గులైతే ఒక్క దెబ్బకి తుపాకీ గుండులా ఎగిరి అవతల పడేవి. బాల్జాన్ సోమవారం సాయంత్రం పోసిన మందు ఇవాళ్టికీ లోపలే ఉంది. ఈ ఇంజను తిరగలేదు. పడవని ఎవరో తాడు కట్టి లాక్కుపోయారు."

"లేదా మందు నడిసముద్రంలో పోశారు."

"ఎవరు? చేపలా?"

"మేజర్ గారూ," ఇల్యాస్ గొంతు గట్టిపడింది, "మీకు ఆవిడ మామ స్నేహితుడు. ఆవిడ మిమ్మల్ని బాబాయ్ అంటోంది. మీరు ఒక పుల్ల ముంచి తీసి, అది చూపించి నా కేసు కొట్టెయ్యమంటున్నారు. నా దగ్గర ఏముందో తెలుసా? అసిటోన్ సీసా మీద ఆవిడ వేలిముద్రలు. ఆవిడ నోటి శాపం. తెల్లవారుజామున ఎసెన్‌గలి ఇంజను మోగించుకుంటూ పోవడం కళ్ళారా చూసిన ప్రభుత్వోద్యోగి. మీ దగ్గర పుల్ల ఉంది."

"పుల్ల అబద్ధం చెప్పదు."

"మీరు చెప్తారు, మీ వాళ్ళ కోసం. అందుకే నన్ను పంపారు."

ఆ మాట కల్దిబెక్‌కి తగలాల్సిన చోటే తగిలింది. చెవులు ఎర్రబడ్డాయి. అయినా ప్లగ్గులు రెండూ తుడిచి, యథాస్థానంలో పెట్టి, టోపీలు తగిలించి, మూత వేశాడు. చేతులకి పని ఉంటే నోరు అదుపులో ఉంటుందని ఆయన అనుభవం.

కెప్టెన్ వెనక్కి తిరిగి డ్రైవరుని కేకేశాడు. "జీపు తీసుకెళ్ళి పక్క ఊళ్ళో పెట్రోలు నింపుకురా. రాగానే బయల్దేరదాం. ఆవిడ ఇక్కడే ఉంటుంది, నా కళ్ళ ముందు."

జీపు కదిలింది. బాల్జాన్ ఇసుక మీద కూలబడి, పిల్ల చెవిలో ఏదో చెప్తోంది. పిల్లకి ఏం అర్థమవుతుంది, తల్లి గొంతు తప్ప. రబిగా పక్కన నిలబడి కోడలి తల నిమురుతోంది. "నీ పాలు తాగి పెరిగేదాన్ని గుర్రం పాలతో పెంచమంటావా నన్ను?" అని ముసలావిడ ఎవరినీ ఉద్దేశించకుండా అడుగుతోంది. "అల్లా చూస్తున్నాడు. గుడ్డివాడు కాదు."

*

జీపు అటు పోగానే ఇటు నుంచి మోటారుసైకిలు వచ్చింది. దిగినవాడు మక్సుత్. చేపల కాపలా దళానికి నాయకుడు. భుజాలు పడవంత వెడల్పు. ఈ ఊరివాడే. కల్దిబెక్ కంటే పదేళ్ళు చిన్న. చిన్నప్పుడు ఈయన వీపు మీదెక్కి ఈత నేర్చుకున్నవాడు.

"సలాం అన్నా. పిలిచారంట."

"రా తమ్ముడూ. ఏంటలా చిక్కిపోయావ్? మీ ఆవిడ తిండి పెట్టట్లేదా?"

"నిద్రలేదన్నా. ఎసెన్‌గలి గురించే." మక్సుత్ ఆడవాళ్ళ వైపు చూడకుండా తల దించుకున్నాడు.

"నీ పడవేది? బండి మీదొచ్చావ్."

"ఏటి మొగలో ఉందన్నా, కాపలా గుడిసె దగ్గర."

"సరే. కెప్టెన్ గారికి చెప్పింది నాకూ ఒకసారి చెప్పు. మంగళవారం తెల్లారి ఏం చూశావ్?"

"చెప్పాను కదా. నేను మెట్ట దగ్గర గస్తీలో ఉన్నాను. ఎసెన్‌గలి పడవ పోతోంది. మంచి వేగం మీదుంది. కేకేశాను, వినలేదు. నిషేధం రోజుల్లో వేటకి పోతున్నాడు, పట్టుకుంటే కేసవుతుంది, పోనీలే అని ఊరుకున్నాను. అదే నా తప్పన్నా. అప్పుడే పట్టుకునుంటే..."

"ఇంజను మోత ఎలా ఉంది?"

"బాగుంది. ఖంగుమంటోంది."

"పొగ?"

"పొగేం లేదు. శుభ్రంగా పోయింది."

కల్దిబెక్ గడ్డం గోక్కున్నాడు. ఉపవాసం విడిచిన ఇంజను మొదటి గంట ఎలా పొగ వదుల్తుందో ఈ ఒడ్డున నడక వచ్చిన పిల్లలకి కూడా తెలుసు. తెల్లగా, పెళ్ళి గుడారం విప్పినట్టు. ఆ మాట అనలేదు. అంటే ఇంకో అబద్ధం పుడుతుంది. ఉన్నది చాలు.

"చూశారా?" అన్నాడు ఇల్యాస్. "ఖంగుమంటోంది. వేగంగా పోయింది. మీరేమో తిరగనే లేదంటారు. ఇంత గొడవెందుకు, ఇప్పుడే తేల్చేద్దాం." కోటు చేతులు పైకి మడిచాడు. పడవలోకి దూకాడు. "తాడు లాగుతాను. మోగిందనుకోండి, మంగళవారం కూడా మోగిందన్నమాట. మోగకపోతే, నడిసముద్రంలో చెడిపోయిందన్నమాట. ఎలాగైనా నా కేసు నాకే ఉంటుంది."

బాల్జాన్ "బాబాయ్!" అని అరవబోయింది. కల్దిబెక్ చెయ్యి అడ్డంగా పెట్టి ఆపాడు. ఆయన కళ్ళు ఇంజను మీద లేవు.

కెప్టెన్ తాడు పిడి పట్టుకుని, ఒక కాలు వెనక్కి వేసి, బలం తీసుకున్నాడు.

"ఆగండి! లాగొద్దు!"

మక్సుత్ నీళ్ళలోకి ఒక్క అంగలో దూకి, కెప్టెన్ మణికట్టు పట్టేసుకున్నాడు. గట్టిగా. పాము మీద చెయ్యి వెయ్యబోయే పిల్లవాణ్ణి తండ్రి పట్టుకున్నట్టు.

కెప్టెన్ పిడి వదిలేశాడు. 

"ఎందుకు లాగొద్దు తమ్ముడూ?" కల్దిబెక్ అడిగాడు.

మక్సుత్ పట్టు వదల్లేదు. వదలాలని గుర్తుకు రాలేదు పాపం.

"దానికి గుడ్డ లేదు. ఎవరూ నీకు చెప్పలేదు. నీ లెక్కన అది నిన్న తెల్లారి ఖంగుమంటూ పోయిన ఇంజను. పోయిన ఇంజనుని ఇంకోసారి లాగితే ఏమవుతుంది? ఆయన నీ మాట నమ్మాడు, లాగబోయాడు. నువ్వెందుకు ఆపావ్?"

"అన్నా..."

"నీలం గుడ్డ ఏం చేశావురా?"

మక్సుత్ కెప్టెన్ చెయ్యి వదిలేశాడు. మోకాలిలోతు నీళ్ళలో, పడవ అంచు పట్టుకుని అలాగే నిలబడి, తల దానికేసి ఆనించాడు. జేబులోంచి నీలం పేలిక తీశాడు. పారెయ్యడానికి కూడా మనసొప్పలేదు వాడికి. ఉపవాసపు గుడ్డని నేలమీద పారెయ్యకూడదు కదా.

"నేనే లాక్కుపోయానన్నా పడవని. గుడ్డ విప్పాను. తాడు మాత్రం లాగలేదు. చెయ్యి రాలేదు."

రబిగా ఒక్క అరుపు అరిచి వాడి మీదికి పోబోయింది. కల్దిబెక్ అడ్డం వెళ్ళాడు. "వదినా, ఒక్క నిమిషం. మక్సుత్, మనిషేడి?"

"బతికే ఉన్నాడు."

బాల్జాన్ లేచి నిలబడింది. పిల్ల ఏడవడం మొదలెట్టింది. ఎవరూ సముదాయించలేదు.

మక్సుత్ గబగబా చెప్పేశాడు. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఏటి మొగలో నిషేధం రోజుల్లో వలలు వేసేది ఇద్దరు బయటివాళ్ళు. వాళ్ళ డబ్బు తీసుకుని కళ్ళు మూసుకున్నది మక్సుతే. వాడి కొడుక్కి గుండెలో కన్నం, దూరదేశంలో ఆపరేషను. ఎసెన్‌గలి ఆ వలలు చూశాడు. పొద్దున్నే పోలీసు దగ్గరికి పోతానన్నాడు. సోమవారం రాత్రి మాట్లాడదాం రమ్మని ఇంటి బయట నిలబడి పిలిచింది మక్సుత్. మాటలతో ఒప్పించాలనే అనుకున్నాడు. తన పడవలో ఆ ఇద్దరూ కూడా ఉన్నారు. వాళ్ళు ఒప్పించే రకం కాదు.

"రెల్లుదీవిలో కట్టేసి ఉంచారన్నా. చంపొద్దని కాళ్ళు పట్టుకున్నాను. మునిగిపోయాడని నేను నమ్మిస్తాను, మీరు వలలెత్తుకుని వెళ్ళిపోయేటప్పుడు వదిలెయ్యండి అన్నాను. సరేనన్నారు. నిన్న రాత్రి మాట మార్చారు. బతికి తిరిగొస్తే నోరు విప్పుతాడు కదా అన్నారు. బాల్జాన్‌ని పట్నం తీసుకుపోతే కేసు మూసినట్టే, ఇంక వెతికేవాళ్ళుండరు, అప్పుడు..." తల అడ్డంగా ఊపాడు. "దుర్భిణి పెట్టుకుని రోడ్డు చూస్తున్నారు. జీపు ఉప్పునేల దాటి పోతే ఆ దుమ్ము దీవిలోకి కనిపిస్తుంది."

 అందరూ ఒకేసారి వెనక్కి తిరిగారు.

ఉప్పునేల మీద, దారి పొడుగునా, జీపు రేపిన తెల్లటి దుమ్ము తాపీగా పైకి లేస్తోంది. గాలి లేదు. పడిపోవడానికి తొందరేమీ లేనట్టు ఆ దుమ్ము అలాగే ఆకాశానికి వేలాడుతోంది.

"నేనే పంపాను," అన్నాడు ఇల్యాస్. "పెట్రోలు కోసం... నేనే..."

"ఏడుపు తర్వాత. పడవ కావాలి. మక్సుత్, నీ పడవ?"

"వాళ్ళ దగ్గరే ఉంది. నన్ను ఒడ్డున దింపి తీసుకుపోయారు."

ఊళ్ళో ఇంజన్లన్నీ విప్పి ఉన్నాయి. ఒక్కటే నిలువుగా ఉంది, ఎదురుగా. నోరు కట్టుకుని.

బాల్జాన్ పిల్లని అత్తగారి చేతిలో పెట్టి, గౌను అంచు నడుముకి దోపుకుని, పడవెక్కేసింది. "తప్పుకోండి. నేను కట్టించిన ఉపవాసం నేనే విడిపిస్తాను." ఇంజను మూత ఎగిరిపడింది. ప్లగ్గులు ఊడదీసి జేబులో వేసుకుంది. వెంటనే తాడు మీద చెయ్యి వేసింది.

"వైర్లు!" కల్దిబెక్ గద్దించాడు. "బాల్జాన్, వైర్లు కట్టు ముందు."

"టైము లేదు బాబాయ్!"

"మొహం కాల్చుకుంటే అసలే ఉండదు. కట్టు."

పళ్ళు బిగించి, రెండు వైర్ల మూతులూ తీగతో ఇంజను ఒంటికే కట్టేసింది. రవ్వ ఎగరకుండా. ఇల్యాస్‌ని పక్కకి నెట్టారు, కన్నాలకి ఎదురుగా నిలబడ్డాడని. మక్సుత్ పడవని నీళ్ళలోకి తోశాడు. ఇంజను అడుగు మునిగాకే తాడు లాగాలి, లేకపోతే ఎండి వేడెక్కి చస్తుంది. కల్దిబెక్ పడవెక్కి తాడు మెల్లిగా లాగాడు. ఒకసారి. ఇంకోసారి. కన్నాల్లోంచి నల్లటి రసం చిమ్మి పడవ పక్కనున్న నీటిని తారులా చేసింది. మళ్ళీ లాగాడు. తుంపర పలచబడింది. మళ్ళీ. ఇక ఆవిరే.

"ఎంతసేపు పడుతుంది?" ఇల్యాస్ అడిగాడు.

"ఆవిరి పోవాలి. నీ టోపీ తీసి దానికి విసురు, అదైనా చెయ్."

ప్రాంతీయ నేర పరిశోధన కెప్టెన్ ఇల్యాస్ జకుపోవ్, జరీ అంచు టోపీతో ఒక పాత బోటు ఇంజనుకి విసిరాడు. రోగికి విసిరినట్టు, శ్రద్ధగా. బాల్జాన్ ప్లగ్గులు గౌనుకే తుడిచి, నోటితో ఊది, ఈసారి రెంచితో బిగించింది. వైర్లు విప్పి టోపీలు తగిలించింది. పెట్రోలు గొట్టం కలిపింది. డబ్బాలో సగం ఉంది.

కల్దిబెక్ తాడు పిడి పట్టుకున్నాడు. "బిస్మిల్లా."

మొదటి లాగుకి దగ్గింది. రెండోదానికి తుమ్మింది. మూడోదానికి గొంతు విప్పింది. దాంతోపాటు పొగ. తెల్లటి పొగ, చిక్కగా, పడవనీ ఒడ్డునీ ఆడవాళ్ళనీ కప్పేసింది. లోపల నానిన మసంతా కాలి బయటికొస్తోంది. ఇంజను చప్పుడులో గరగర తగ్గి ఒక్కో క్షణానికీ నిగ్గు తేలుతోంది. రింగులు విడివడ్డాయి.

"దిగమ్మా."

"నేను రాను దిగి."

"పిల్ల ఏడుస్తోంది విను. ఆయన్ని తెస్తాను. తేకుండా ఈ ఒడ్డున నా కాలు పెట్టను. దిగు తల్లీ."

ఆమె దిగింది. ఆమె దిగిన చోట ఇల్యాస్ ఎక్కాడు. ఉత్తర్వు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బూటులో దోపాడు. "నా దుమ్ముకి నేనే జవాబు చెప్తాను," అన్నాడు. కల్దిబెక్ మక్సుత్‌ని పడవ ముందువైపు కూర్చోబెట్టి, గేరు వేసి, పడవ తిప్పాడు. పొగ వెనక పడింది. నీళ్ళు ముందుకి విచ్చుకున్నాయి.

మంచుపలకల మధ్య దారి చూపిస్తూ మక్సుత్ కాసేపు చేతులతోనే చెప్పాడు. ఎడమ. కుడి. నేరుగా. దూరాన రెల్లుదీవి గోధుమరంగు గీతలా కనిపించింది. వాడు ఒక్కసారి వెనక్కి తిరిగి పొగవైపు చూశాడు. తర్వాత దీవి వైపు. తర్వాత అన్న మొహంలోకి.

"అన్నా, మన పొగ వాళ్ళకి కనిపిస్తూనే ఉంటుంది."

"కనిపించనీ. వాళ్ళు రెల్లులో దాక్కుంటే మంచిదే, ఎసెన్‌గలిని వదిలేస్తారు."

"దాక్కోరన్నా." మక్సుత్ గొంతు ఇంజను మోతలో సగం కొట్టుకుపోయింది. "నా సర్కారు రైఫిలు ఆ పడవలోనే వదిలేసి వచ్చాను. తూటాల పెట్టె కూడా."

ఇల్యాస్ చెయ్యి నడుముకున్న చిన్న పిస్తోలు మీదికి పోయింది. దీవి చివర, రెల్లు పక్కన, ఏదో అద్దం ఎండకి ఒక్కసారి మెరిసి, వాళ్ళ వైపే తిరిగి, ఆగింది.